ప్రాసెస్ ఎలాగూ పోతోంది కదా, క్లీనప్ ఎందుకు?

కొత్తకోడ్: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు ఒక ఎక్స్‌టెన్షన్ (అదనంగా తగిలించే కోడ్) రాస్తున్నాను. బ్యాకెండ్ (ఒక్కో కనెక్షన్‌కు నడిచే సర్వర్ ప్రాసెస్) ముగిసేటప్పుడు తీసుకున్నవన్నీ వదిలేసేలా కాల్‌బ్యాక్‌లు (అప్పుడు దానంతటదే పిలిచే ఫంక్షన్లు) పెట్టాను. రివ్యూలో "ప్రాసెస్ పోతే మెమరీ, ఫైళ్లు, సాకెట్లు ఓఎస్సే చూసుకుంటుంది, ఇవన్నీ తీసెయ్" అన్నారు. ఎవరిది రైటు?

తాళంచెవి: రివ్యూవర్‌దే. పోయే ప్రాసెస్‌లో మెమరీ ఫ్రీ చేయడమంటే కూల్చబోయే ఇంటికి సున్నం కొట్టడమే.

పాతకాపు: సొంత మెమరీ వరకు ఒప్పుకుంటాను. బ్యాకెండ్‌లన్నీ కలిసి వాడే షేర్డ్ మెమరీ సంగతేంటి? అందులో మీరు పట్టుకున్న లాక్, పెంచిన కౌంటర్ ఓఎస్ కర్నెల్‌కు ఉత్తి బైట్లు. మీరు తగ్గించకపోతే ఆ కౌంటర్ సర్వర్ రీస్టార్ట్ దాకా అలాగే ఉంటుంది. ఫైళ్లూ అంతే: ఓఎస్ డిస్క్రిప్టర్‌ను (తెరిచిన ఫైల్‌కు ప్రాసెస్ దగ్గరుండే నంబర్) మూస్తుంది గానీ డిస్క్ మీది టెంప్ ఫైల్‌ను చెరపదు. క్రాష్ తర్వాత మిగిలిన వాటిని తుడిచే సెట్టింగ్ 14వ వెర్షన్‌లో గానీ రాలేదు.

కొత్తకోడ్: కౌంటర్‌ను పీజీ_క్యాచ్‌లో (ఎర్రర్ వస్తే నడిచే కోడ్ భాగం) తగ్గిస్తే సరిపోదా?

పాతకాపు: చాలామంది పడే గొయ్యి అదేనండి. పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్‌తో బ్యాకెండ్‌ను ఆపితే వచ్చేది ఫేటల్ (సెషన్‌నే ముగించే ఎర్రర్), అది క్యాచ్ దాకా రాదు, నేరుగా ఎగ్జిట్‌కే పోతుంది. తగ్గించే కాల్‌బ్యాక్‌ను బిఫోర్_ష్‌మెమ్_ఎగ్జిట్ జాబితాలో పెట్టండి. అవి ముందు నడుస్తాయి, ఆన్_ష్‌మెమ్_ఎగ్జిట్‌వి ఆ తర్వాత. రెండింట్లోనూ చివర నమోదైనదే మొదట. ఒక్కో జాబితాలో 20 స్లాట్లే కాబట్టి ఫంక్షన్ పిలిచిన ప్రతిసారీ నమోదు చేయకండి.

తాళంచెవి: కిల్ -9 (ప్రాసెస్‌ను అక్కడికక్కడే చంపే ఆదేశం) కొడితే మీ కాల్‌బ్యాక్ ఒక్కటీ నడవదు. పోస్ట్‌మాస్టర్ (బ్యాకెండ్‌లను పుట్టించే ప్రధాన ప్రాసెస్) అందరినీ ఆపేసి షేర్డ్ మెమరీని మళ్లీ కడుతుంది, వాల్ (మార్పులను ముందే రాసిపెట్టే లాగ్) నుంచి రికవరీ చేస్తుంది. అంత గట్టి దారి ఉండగా ఇంత హైరానా ఎందుకు?

పాతకాపు: ఆ దారిలో తప్పు చేసిన బ్యాకెండ్ ఒక్కటే కాదు, ప్రతి కనెక్షనూ తెగుతుంది. రోజూ వచ్చే డిస్‌కనెక్ట్‌లకు అదా మందు?

కొత్తకోడ్: మెమరీ కాల్‌బ్యాక్‌లు రెండూ తీసేశాను. కౌంటర్‌ది ఉంచాను.

తాళంచెవి: నేనైతే ఆ కౌంటర్‌నే పీకేసి, షేర్డ్ మెమరీలోని స్లాట్‌లో పీఐడీ (ప్రాసెస్ నంబర్) రాస్తాను. పోయిన బ్యాకెండ్‌ల స్లాట్లను తర్వాత వచ్చిన బ్యాకెండ్‌లే ఏరిపారేస్తాయి.

పాతకాపు: అదే పీఐడీని ఓఎస్ రేపు ఇంకో ప్రాసెస్‌కు ఇస్తే?