మిచమ్ క్రికెట్ గ్రీన్ దగ్గర జియోక్యాష్: మ్యాచ్ రోజున వెతకొచ్చా?

కిట్టు_క్రాయ్డన్

అందరికీ నమస్తే. తెనాలి నుంచి మా నాన్న వచ్చారు. లండన్ ఐ, టవర్ బ్రిడ్జి అన్నీ చూపించాం. "ఇవన్నీ టీవీలో చూసినవేగా" అని తేల్చేశారు. లార్డ్స్ టూర్ టికెట్ ధరని రూపాయల్లోకి మార్చుకుని అదీ వద్దన్నారు. అందుకని శనివారం దక్షిణ లండన్‌లో ఉన్న మిచమ్ క్రికెట్ గ్రీన్‌కి తీసుకెళ్దామనుకుంటున్నా. 1685 నుంచి క్రికెట్ ఆడుతున్న చోటు, పైగా టికెట్ లేదు!

జియోక్యాష్ అంటే ఎవరో దాచిపెట్టిన చిన్న డబ్బా; జీపీఎస్‌తో వెతికి పట్టుకుని, లోపలి కాగితం మీద పేరు రాసి మళ్లీ అక్కడే పెట్టేయాలి. యాప్‌లో చూస్తే ఆ గ్రౌండ్ చుట్టూ ఒక మల్టీ, అంటే దశలవారీగా వెతికే రకం, కనబడింది. పక్కనున్న పాత కట్టడాల సంవత్సరాల్లోంచి అంకెలు ఏరుకుని లెక్క వేస్తే చివరి డబ్బా కోఆర్డినేట్స్ వస్తాయి. ఇయర్ ఫోర్ చదివే మా అమ్మాయికి ఇలాంటివంటే ప్రాణం. తాతకి క్రికెట్టు, మనవరాలికి వేట, రెండూ ఒకే ట్రామ్ ఖర్చులో అయిపోతాయని నా ఆశ.

మ్యాచ్ జరుగుతుంటే గ్రౌండ్ చుట్టూ రెయిలింగులు తడుముతూ తిరిగితే ఎవరైనా ఏమైనా అంటారా? నాన్నకి మోకాళ్ల నొప్పులు, నడక ఎంతుంటుంది? ఇంకోటి, సంవత్సరాలు నెట్‌లో చూసి ఇంట్లోనే లెక్క వేశాం. చివరి పాయింట్ మిచమ్‌లో కాకుండా ఎక్కడో కెంట్‌లో, స్వాన్లీ దగ్గర పడుతోంది. మల్టీ అంటే అంత దూరం పంపిస్తారా?

స్లిప్_ఫీల్డర్

పంపించరు బ్రో. మైనస్ పెట్టలేదు, అంతే. మిచమ్ గ్రీనిచ్ రేఖకి పడమర పక్క, సుమారు 0 డిగ్రీల 10 నిమిషాలు. W అన్నచోట మ్యాప్‌లో మైనస్ కొట్టాలి. మన తెనాలి, కాకినాడ అన్నీ తూర్పే కాబట్టి ఇండియాలో ఈ గొడవే ఉండదు. అదే 10 నిమిషాలు తూర్పుకి వేస్తే సరిగ్గా స్వాన్లీ వైపు తేలతారు. అన్నట్టు 10 నిమిషాలంటే 0.10 డిగ్రీలు కాదు, 0.166. అరవైతో భాగించాలి.

రమణి_కాలియర్స్‌వుడ్

కిట్టు గారూ, ఇంట్లో కూర్చుని నెట్‌లో సంవత్సరాలు చూసేస్తే మిచమ్ దాకా వెళ్లడం ఎందుకండీ! పాపకి ఒక నోట్‌బుక్ ఇచ్చి అక్కడే వెతకమనండి. నేను ఆ చుట్టుపక్కల తరచూ తిరుగుతుంటాను. డబ్బా ఎక్కడుందో చెప్పను గానీ దారి చెప్తా.

ఈస్ట్ క్రాయ్డన్‌లో వింబుల్డన్ వెళ్లే ట్రామ్ ఎక్కి మిచమ్‌లో దిగండి. అక్కడి నుంచి గ్రీన్‌కి కాసేపటి నడకే. నేలంతా చదును. మామయ్యగారు మధ్యమధ్య బెంచీల మీద కూర్చోవచ్చు. 1887 నాటి వెస్ట్రీ హాల్, 1829లో బీదవాళ్ల కోసం కట్టించిన టేట్ ఆమ్స్‌హౌసెస్, అన్నీ దగ్గరదగ్గరే. ఒక రాతి స్తంభం కూడా ఉంది. బావి తవ్వితే నీళ్లు వాటంతటవే పైకి ఎగదన్నాయని దేవుడికి దణ్ణం పెట్టుకుని 1822లో నిలబెట్టారు. రాయలసీమ ఆడపడుచుని, నాకు అక్కడ అన్నిటికంటే అదే నచ్చుతుంది.

ఇక మ్యాచ్ సంగతి. ఇక్కడ పెవిలియన్ గ్రౌండ్‌లో లేదు, రోడ్డుకి అవతల ఉంది. 1904లో కట్టింది. బ్యాట్స్‌మన్ ప్యాడ్లు కట్టుకుని, చంకలో బ్యాటు పెట్టుకుని, కుడీ ఎడమా చూసి కార్లు ఆగాక రోడ్డు దాటి క్రీజులోకి వెళ్తాడు. మొదటి బంతికే అవుటైతే మళ్లీ అవే కార్ల ముందు నుంచి వెనక్కి! మామయ్యగారికి ఈ ఒక్క దృశ్యం చాలు. అందుకే పెవిలియన్ ముందు, సైట్‌స్క్రీన్ దగ్గర మాత్రం ఆట నడుస్తుండగా వెతకొద్దు. ఫీల్డర్ల కళ్లు మీమీదే ఉంటాయి. పైగా అది గట్టి ఎర్ర బంతి, పాపకి తగిలితే కష్టం. టీ విరామందాకా ఆగితే ఎవరూ పట్టించుకోరు.

మామయ్యగారికి ఒక కథ కూడా చెప్పండి. 1877లో మెల్‌బోర్న్‌లో జరిగిన మొట్టమొదటి టెస్టులో ఇంగ్లండ్‌కి ఆడిన జేమ్స్ సదర్టన్ ఈ ఊళ్లోనే ఉండేవాడు. అప్పటికి ఆయన వయసు 49. అంత పెద్ద వయసులో టెస్టుల్లోకి వచ్చినవాడు ఇప్పటికీ ఇంకొకడు లేడు. 1880లో ఇక్కడే పోయాడు. టెస్టు ఆటగాళ్లలో అందరికంటే ముందు చనిపోయింది కూడా ఆయనే. సమాధి మిచమ్ పారిష్ చర్చి ఆవరణలో ఉంది. అక్కడికి ఇంకొంచెం నడవాలి, మోకాళ్లు ఒప్పుకుంటేనే.

పెన్సిలు, ట్వీజర్ పట్టుకెళ్లండి. నానో డబ్బా అయితే చిటికెన వేలి గోరంతే ఉంటుంది, అయస్కాంతంతో ఇనుముకి అతుక్కుని. లోపలి కాగితం గట్టిగా చుట్టి ఉంటుంది. పేరు రాశాక అంత బిగుతుగానూ మళ్లీ చుట్టకపోతే మూత పడదు. నాకైతే వేట కంటే అదే పెద్ద టెన్షన్.

బోరుకొట్టిన_బాబాయ్

పెద్దాయన్ని మ్యాచ్ చూడనివ్వండయ్యా. రెయిలింగుల కింద చేతులు పెట్టి ప్లాస్టిక్ డబ్బాలు వెతకడానికా తెనాలి నుంచి వచ్చింది?

రమణి_కాలియర్స్‌వుడ్

బాబాయ్ గారూ, ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి పాప వెతుక్కుంటుంది. ఎవరైనా వస్తుంటే దగ్గే పని తాతగారిది. ఆట తెలియనివాళ్ల కంట డబ్బా పడకూడదు కదా.

స్లిప్_ఫీల్డర్

ఒక చిన్న మాట. నిమిషాల్లో మూడో దశాంశం ఒకటి మారితే ఉత్తర దక్షిణాల్లో దాదాపు 1.85 మీటర్లే తేడా. ఫోన్ జీపీఎస్ చెట్ల కింద అంతకంటే ఎక్కువే తప్పుతుంది. బాణం ఆగినచోటే తవ్వుకుంటూ కూర్చోకుండా, నేనైతే ఎక్కడ దాచేవాణ్ణి అని చుట్టూ చూడమనండి పాపని.

కిట్టు_క్రాయ్డన్

మైనస్ పెట్టగానే పాయింట్ గ్రీన్ పక్కకి వచ్చేసింది, థాంక్స్ బ్రో. అయినా రమణి గారు చెప్పినట్టు లెక్క అక్కడే మళ్లీ వేయిస్తా. నాన్నకి సదర్టన్ సంగతి చదివి వినిపించా. దగ్గే డ్యూటీకి ఒప్పుకున్నారు గానీ, "49 ఏళ్లకి ఏం వేసేవాడ్రా, స్పిన్నా?" అని ఒకటే అడుగుతున్నారు.

రమణి_కాలియర్స్‌వుడ్

స్పిన్నేనండి, ఆఫ్‌బ్రేక్. చెయ్యి పూర్తిగా పైకెత్తకుండా భుజం ఎత్తులో తిప్పి వేసే రౌండార్మ్ పద్ధతి.