'చివర్లో ట్విస్ట్ అదిరిపోతుంది' అని చెప్పి థ్రిల్లర్ ఇవ్వడం న్యాయమేనా?

పేజీమడత

పోయిన నెల ఒక స్నేహితురాలు నా చేతిలో ఒక అడ్వెంచర్ నవల పెట్టింది. మంచుకొండల్లో విమానం కూలిపోతుంది, అందులో ఉన్న పెట్టె కోసం రెండు బృందాలు బయల్దేరతాయి. నాకు ప్రాణమైన రకం కథ. కానీ ఇస్తూ ఇస్తూ ఒక మాటంది: "చివరి ఇరవై పేజీల్లో మైండ్ బ్లాంక్ అయిపోతుంది, చూడు."

కథ ఒక్క ముక్క చెప్పలేదు. ఏ పాత్ర పేరూ ఎత్తలేదు. అయినా నాకు పుస్తకం సగం చప్పబడిపోయింది.

ఎలాగంటే, నవల మధ్యలో ఒక సీను ఉంది. హీరో మంచు పగులులోకి జారిపోతాడు. గైడు తాడు వేసి పైకి లాగుతుంటాడు. తాడు రాతి అంచుకు ఒరుసుకుని ఒక్కో పోగూ తెగుతుంటుంది. రచయిత ఆ తాడు మీదే మూడు పేజీలు రాశాడు. ఊపిరి బిగబట్టి చదవాల్సిన పేజీలవి. నేను మాత్రం "ఇంత మంచివాడిలా కనిపిస్తున్నాడంటే చివర్లో ద్రోహి వీడే అయ్యుంటాడు" అని లెక్కలేసుకుంటూ కూర్చున్నాను. తాడు తెగుతుందేమోనన్న భయమే కలగలేదు. చివరికి గైడే ద్రోహి. నా ఊహ నిజమైంది, కానీ ఆ మూడు పేజీలూ మళ్లీ మొదటిసారి చదవలేను కదా.

అందుకే అంటున్నాను, ట్విస్ట్ ఏమిటో చెప్పకపోయినా, ఉందని చెప్పడమే సగం ట్విస్ట్ చెప్పేయడం. సిఫారసు చేసేవాళ్లు కథ ఎక్కడ మొదలవుతుందో చెప్పి ఆగిపోవాలి. ముగింపు గురించి ఒక్క మాట కూడా అనకూడదు. మీరేమంటారు?

నిద్రలేనిరాత్రి

పేజీమడత గారూ, మీ బాధ అర్థమైంది కానీ ఒప్పుకోలేను. ముగింపు తెలిస్తే థ్రిల్ పోతుందన్నదే అపోహ.

ఫ్రెడరిక్ ఫోర్సైత్ 'ది డే ఆఫ్ ది జాకాల్' తీసుకోండి. 1971లో వచ్చింది. ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్‌ను చంపడానికి ఒక కిరాయి హంతకుడిని పెడతారు. కథ జరిగేది 1963లో. డి గాల్ 1970 నవంబర్‌లో తన ఇంట్లోనే కన్నుమూశారు. అంటే పుస్తకం తెరవకముందే హంతకుడు ఓడిపోతాడని లోకమంతటికీ తెలుసు. ఈ కారణంతోనే కొందరు ప్రచురణకర్తలు రాతప్రతిని తిప్పి పంపారు. తీరా బయటికొచ్చాక ప్రపంచమంతా చదివింది.

నేను మూడుసార్లు చదివాను. చనిపోయిన పసివాడి జనన ధ్రువపత్రంతో దొంగ పాస్‌పోర్టు సంపాదించే భాగం వస్తే ఇప్పటికీ కింద పెట్టలేను. అతను గెలవడని తెలుసు. ఎంతవరకు రాగలడు, ఎక్కడ దొరుకుతాడు అన్నదే కదా టెన్షన్! యాక్షన్ నవలకు 'ఏమవుతుంది' కన్నా 'ఎలా అవుతుంది' ముఖ్యం. డిటెక్టివ్ నవలకైతే మీ మాట సరే.

సాయంత్రపురైలు

దీని మీద పరిశోధన కూడా జరిగింది. 2011లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 12 కథలు తీసుకుని, కొందరికి ముగింపు ముందే చెప్పి, కొందరికి చెప్పకుండా చదివించారు. మొత్తమ్మీద ముగింపు తెలిసినవాళ్లే కథను కాస్త ఎక్కువ ఇష్టపడ్డారు. నిద్రలేనిరాత్రి గారి మాటకు ఇది బలమే.

కానీ ఒక్క విషయం గమనించండి, అవి చిన్న కథలు. ఒక్క కూర్చోవడంలో అయిపోయేవి. నాలుగు వందల పేజీల నవలతో మనం వారం రోజులు కాపురం చేస్తాం. స్టేషన్‌లో దిగి నడుస్తున్నప్పుడు, పనిలో ఉన్నప్పుడు కూడా 'ఇప్పుడేమవుతుందో' అని మనసు అక్కడే తిరుగుతుంటుంది. ఆ వారం విలువను ఏ కొలతతో కొలుస్తారు? అందుకే ఆ ఫలితాన్ని నవలలకు అతికించడానికి నాకు మనసొప్పదు.

చివరిపేజీముందు

నా పేరు చూస్తేనే తెలిసిపోతుంది. నేను థ్రిల్లర్ తీయగానే ముందు చివరి పేజీ చదువుతాను. నన్ను తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు.

నాకు ఆందోళన ఎక్కువ. బందీలుగా పట్టుకున్న సీను వస్తే గుండె దడదడలాడి, రాత్రంతా నిద్ర పట్టదు. చిన్నపిల్లో కుక్కపిల్లో ప్రమాదంలో ఉంటే అసలు చదవలేను. చివరి పేజీలో ఆ పేరు కనబడిందంటే నెమ్మదిస్తాను, అప్పుడు మిగతా పుస్తకం ఆనందంగా చదువుతాను. ఆ ఒక్క పేజీ లేకపోతే ఈ తరహా నవలలు నాకు పూర్తిగా దూరమైపోయేవి.

కాబట్టి "ముగింపు గురించి ఒక్క మాట కూడా అనకూడదు" అని రూల్ పెట్టకండి. నాలాంటివాళ్లు అడిగితే చెప్పండి.

తెరచాప

నిద్రలేనిరాత్రి గారికి ఇంకో ఉదాహరణ అందిస్తాను, ఆ తర్వాత ఆయనతో విభేదిస్తాను.

1883లో పుస్తకంగా వచ్చిన స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలండ్' కథ చెప్పేది జిమ్ హాకిన్స్ అనే కుర్రాడు. మొదటి వాక్యంలోనే, ఆ దీవి ఎక్కడుందో మాత్రం చెప్పను, తీయాల్సిన నిధి ఇంకా అక్కడ మిగిలే ఉంది అంటాడు. అంటే వీడు బతికి ఇంటికొచ్చాడని మొదటి పేజీలోనే ఖాయమైపోయింది. అయినా ఆపిల్ పీపా సీను చూడండి. ఆపిల్ కోసం అడుగంటిన పీపాలోకి దిగుతాడు. బయట, ఓడలో వంటవాడిగా చేరిన సముద్రపు దొంగ సిల్వర్ తన మనుషులతో తిరుగుబాటు గురించి మాట్లాడుతుంటాడు. మాటల మధ్యలో సిల్వర్, గొంతు తడుపుకోవడానికి ఒక ఆపిల్ తెచ్చిపెట్టమని పక్కవాడికి చెబుతాడు. వాడు లేస్తున్న చప్పుడు వినిపిస్తుంది. జిమ్ బతుకుతాడని తెలిసీ నా చేతులు చల్లబడ్డాయి.

ఇక విభేదం. జూల్స్ వెర్న్ 'అరౌండ్ ది వరల్డ్ ఇన్ ఎయిటీ డేస్' చదవనివాళ్లు దయచేసి ఇక్కడితో ఆగి కింది పోస్టుకు వెళ్లండి.

ఎనభై రోజుల్లో భూమి చుట్టొస్తానని పందెం కాసి, ఫిలియస్ ఫాగ్ 1872 అక్టోబర్ 2న లండన్‌లో బయల్దేరతాడు. తూర్పు దిక్కుగా చుట్టొస్తాడు కాబట్టి ఒక్కో రేఖాంశానికి నాలుగు నిమిషాలు కలిసొచ్చి, 360 రేఖాంశాలకు సరిగ్గా ఒక రోజు మిగులుతుంది. ఓడిపోయాననుకున్నవాడు అలా గెలుస్తాడు. అతని పనివాడు పాస్‌పార్తూ, ముత్తాతల నాటి తన గడియారాన్ని ఎక్కడా మార్చడు, లండన్ టైమే ఉంచుతాడు. ఆ రహస్యానికి ఆనవాలు అదే. మొదటిసారి చదివేటప్పుడు అది వాడి మొండితనంలా కనిపిస్తుంది, అంతే.

నాకు ఈ పుస్తకం ఇచ్చినాయన "చివర్లో టైముతో ఒక మెలిక ఉంటుంది" అన్నాడు. గడియారం మాట వచ్చీ రాగానే పట్టేశాను. లెక్క నేనే వేసుకున్నాను. పదమూడేళ్ల వయసులో ఒక మహా ఆశ్చర్యం నాకు దక్కకుండా పోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. 'ఎలా అవుతుంది' ముఖ్యమన్నారు కదా, కొన్ని పుస్తకాల్లో ఆ 'ఎలా'యే చివరి పేజీలో ఉంటుంది.

నిద్రలేనిరాత్రి

తెరచాప గారూ, దాదాపు 150 ఏళ్ల కిందటి పుస్తకానికి కూడా స్పాయిలర్ అంటే ఎలాగండీ? ఆ లెక్కన దేని గురించీ మాట్లాడుకోలేం.

తెరచాప

పుస్తకం పాతదే. రేపు పొద్దున దాన్ని మొదటిసారి తెరిచే పిల్లవాడికి మాత్రం కొత్తదే కదా. పైన నేను రెండు ముక్కల్లో హెచ్చరిక రాశాను, దానికి నాకు పది సెకన్లు పట్టింది.

పేజీమడత

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. నా వాదన సరిదిద్దుకుని మళ్లీ చెబుతాను.

సస్పెన్స్ సినిమాలు తీసిన హిచ్‌కాక్, ఫ్రెంచ్ దర్శకుడు ట్రుఫోతో చెప్పిన బాంబు సంగతి వినే ఉంటారు. బల్ల కింద బాంబు ఉందని మనకు తెలియకుండా పేలితే పదిహేను సెకన్ల ఆశ్చర్యం. ఉందని ముందే చూపించి, బల్ల దగ్గర ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటుంటే పదిహేను నిమిషాల ఉత్కంఠ. నిద్రలేనిరాత్రి గారు చెప్పింది ఇదే, ఇది నిజమే.

కానీ ఆ బాంబును చూపించింది ఎవరు? కథ చెప్పేవాడు. డి గాల్ చావడన్న సంగతి ఫోర్సైత్‌కు తెలుసు, పాఠకుడికి తెలుసని కూడా తెలుసు, దాని మీదే నవల కట్టాడు. జిమ్ బతికాడని స్టీవెన్సన్ కావాలనే మొదటి వాక్యంలో పెట్టాడు. ఆ మంచుకొండ నవల రచయిత మాత్రం నేను గైడును నమ్మాలని మూడు పేజీలు కష్టపడ్డాడు. నా స్నేహితురాలు ఆ నమ్మకాన్ని నేను కొండ ఎక్కకముందే తీసేసింది. రచయిత ఇచ్చిన సమాచారం కథలో భాగం. బయటి మనిషి ఇచ్చింది కాదు. నా అభ్యంతరం ఇక్కడే.

చివరిపేజీముందు గారూ, మీరు మీ చేత్తో పేజీ తిప్పుకుంటున్నారు. అది మీ ఎంపిక. మీరు అడిగితే తప్పకుండా చెబుతాను. నన్నెవరూ అడగలేదు, అదే తేడా.

అరలోపుస్తకం

ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. నేను చాలామందికి పుస్తకాలు ఇస్తుంటాను, అందుకే ఒకటి చెప్పాలి.

కొన్నేళ్ల కిందట, పొరుగున ఉండే ఒకావిడకు సముద్రం మీద నడిచే యాక్షన్ నవల ఇచ్చాను. మొదటి సగంలో హీరో తమ్ముడు మునిగిపోతాడు. చాలా వివరంగా ఉంటుంది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్లడం దాకా. సస్పెన్స్ పాడవుతుందని ఒక్క మాట కూడా చెప్పలేదు. మూడో రోజు ఆవిడ పుస్తకం గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోయారు. తర్వాత తెలిసింది, ఆవిడ తమ్ముడు పడవ ప్రమాదంలో పోయాడట. నాకు తెలియదు నిజమే. కానీ అడిగి ఉండాల్సింది. ఆ పుస్తకాన్ని ఇంతవరకు ఇంకెవరికీ ఇవ్వలేదు.

అప్పటినుంచి సస్పెన్స్ కన్నా మనిషే ముఖ్యమని పెట్టుకున్నాను. హింస ఎంత ఘాటుగా ఉంటుందో, చిత్రహింసల సీన్లున్నాయో లేదో ముందే చెబుతాను. పేజీమడత గారు మొదటి పోస్టులో అన్నట్టు "కథ ఎక్కడ మొదలవుతుందో చెప్పి ఆగిపోతే" ఇలాంటి తప్పులు జరుగుతాయి.

పేజీమడత

దీనికి నా దగ్గర జవాబు లేదండీ. మీరు చెప్పింది నిజం. నా రూల్ అక్కడ పనికిరాదు.

ఒక్క సందేహం. "మునిగిపోయే సీను ఉంది" అని ముందే చెబితే, మామూలు పాఠకుడు పడవ కనిపించిన ప్రతిసారీ ఎదురుచూస్తాడు కదా?

అరలోపుస్తకం

చూస్తాడు. అందుకే చెప్పేముందు అడుగుతాను: "నువ్వు చదవలేని విషయాలు ఏమైనా ఉన్నాయా?" లేవంటే నోరు మూసుకుంటాను. ఉన్నాయంటే, అవి ఈ పుస్తకంలో ఉన్నాయో లేవో మాత్రం చెబుతాను. ఎవరికి జరుగుతుంది, ఎప్పుడు జరుగుతుంది అన్నది చెప్పను.

సాయంత్రపురైలు

ఈ పద్ధతి బాగుంది. దీనికి ఇంకొకటి జోడించండి, పుస్తకం నడక. టామ్ క్లాన్సీ 'ది హంట్ ఫర్ రెడ్ అక్టోబర్' 1984లో వచ్చింది. అమెరికా నౌకాదళ అధ్యయన సంస్థ నావల్ ఇన్‌స్టిట్యూట్ ప్రెస్ వేసిన మొదటి కొత్త నవల అది. అది చూస్తేనే తెలుస్తుంది, సోనార్ ఎలా పనిచేస్తుంది, జలాంతర్గామి చప్పుడు ఎలా దాస్తుంది అని పేజీలకు పేజీలు ఉంటాయి. నాకు అవే ఇష్టం. మా తమ్ముడికి "సూపర్ ఫాస్ట్" అని చెప్పి ఇచ్చాను, నలభై పేజీలకే పక్కన పడేశాడు. తప్పు పుస్తకానిదీ కాదు, వాడిదీ కాదు. "నెమ్మదిగా బిగుస్తుంది, యంత్రాలంటే ఇష్టమైతేనే తీసుకో" అని నేను చెప్పి ఉండాల్సింది. ట్విస్ట్ మాట ఎత్తకుండానే ఇదంతా చెప్పొచ్చు.

వెనక అట్ట మీద రాసే నాలుగు లైన్ల గురించి కూడా ఎవరైనా మాట్లాడాలి. సగం పుస్తకంలో జరిగేది అక్కడే రాసేస్తారు. నేనైతే అట్ట వేసేసి చదువుతాను.

నిద్రలేనిరాత్రి

అట్ట విషయంలో నూటికి నూరుపాళ్లు మీతోనే.

పేజీమడత గారూ, రచయిత చెప్పడం వేరు, బయటివాళ్లు చెప్పడం వేరు అన్నారు చూడండి, అక్కడ ఒప్పుకుంటున్నాను. అయినా ముగింపు తెలిసినా మంచి నవల నిలబడుతుందన్న మాట వెనక్కి తీసుకోను. మీ మంచుకొండ నవల ఆ ఒక్క మాటకే సగం చప్పబడిందంటే, అది ట్విస్ట్ మీద కాస్త ఎక్కువే ఆధారపడిందేమో. ఇంకోసారి ఆ తాడు సీను ఒక్కటీ చదివి చూడండి. గైడు సంగతి పూర్తిగా తెలిశాక, వాడు ఆ తాడు ఎందుకు వదిలెయ్యలేదన్నది కొత్త ప్రశ్న కాదా?

పేజీమడత

నిన్న రాత్రి చదివాను. మీరన్నది నిజమే, అక్కడ వాడు చేతి తొడుగు తీసేసి వట్టి చేత్తో తాడు పట్టుకుంటాడు, మొదటిసారి ఆ లైను నేను చూడనే లేదు. అయినా ఇది రెండోసారి చదివితే రావాల్సిన ఆనందం. మొదటిసారిది నాకు బాకీ ఉండిపోయింది.

తెరచాప గారి పోస్టు చదివాక మా అక్క కొడుక్కి వెర్న్ పుస్తకం ఇచ్చాను. పన్నెండేళ్లు వాడికి. "ఒకాయన ఎనభై రోజుల్లో భూమి చుట్టొస్తానని ఇరవై వేల పౌన్లు పందెం కాశాడు" అని మాత్రం చెప్పాను. ఇవాళ పొద్దున ఫోన్ చేశాడు. సూయజ్ దాకా వచ్చాడట. "పిన్నీ, ఈ పాస్‌పార్తూ గడియారం ఎందుకు మార్చుకోడు?" అని అడిగాడు.

"చదువు నాన్నా" అన్నాను.