పీటర్ గాబ్రియెల్ పాత వీడియోలు: 1986 నాటిది ఇంకా కొత్తగా ఉంది, తర్వాత వచ్చింది ఎందుకు పాతబడింది?

మూలాపేట వాసి, నెల్లూరు:

పీటర్ గాబ్రియెల్ పాటలు వినేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? బ్రిటిష్ రాక్ గాయకుడు. 1975లో జెనెసిస్ బ్యాండ్ వదిలేసి సొంతంగా పాడటం మొదలుపెట్టాడు. డెబ్బై దాటాక, 2023లో కూడా కొత్త ఆల్బమ్ ఇచ్చాడు. మా మేనమామ మద్రాసు బర్మా బజార్ నుంచి తెచ్చిన వీడియో క్యాసెట్‌లో ఆయన 'స్లెడ్జ్‌హామర్' ఉండేది. డెక్కు అద్దెకు తెచ్చుకున్నప్పుడల్లా సినిమా అయిపోయాక అది వేసేవాళ్లం. పాట ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆయన తల చుట్టూ బొమ్మ రైలు తిరిగే చోటికి వచ్చేసరికి వంటింట్లోవాళ్లు కూడా వచ్చి నిలబడేవాళ్లు.

ఇప్పుడు మా అమ్మాయి యానిమేషన్ కోర్సులో చేరింది. ఆ పిల్లతో కలిసి యూట్యూబ్‌లో ఆయన వీడియోలన్నీ మళ్లీ చూస్తున్నాను. 1986 నాటి స్లెడ్జ్‌హామర్‌ని కళ్లార్పకుండా చూసింది. అదే దర్శకుడు స్టీఫెన్ జాన్సన్, 1992 నాటి 'అస్' ఆల్బమ్ కోసం తీసిన 'స్టీమ్' వేస్తే సగంలోనే ఫోన్ చేతిలోకి తీసుకుంది. అది నిండా కంప్యూటర్ గ్రాఫిక్స్. ఆ రోజుల్లో దానికి గ్రామీ సంగీత అవార్డు కూడా వచ్చింది. వెనక వచ్చింది ముందు పాతబడటం ఏంటి? తెలిసినవాళ్లు చెప్పండి. అమ్మాయికి ఇంకా ఏవి చూపించాలో కూడా చెప్పండి.

కావలి స్టూడియో:

అన్నా, ఈ ప్రశ్న నా వృత్తికి తగిలింది. నేను పెళ్లి వీడియోలు తీసి మిక్సింగ్ చేస్తాను. ఒకప్పుడు సాఫ్ట్‌వేర్‌లో గులాబీ రేకులు, గుండె ఆకారాలు, మబ్బుల్లో తేలే వధూవరులు, ఏది ఉంటే అది వేసేవాళ్లం, పార్టీ కూడా అదే అడిగేది. ఇప్పుడు అదే ఇళ్లవాళ్లు వచ్చి ఆ ఎఫెక్టులు తీసేసి ఇవ్వమంటున్నారు. వాళ్ల తాతయ్య కుర్చీలో కూర్చుని తాంబూలం అందుకునే ఉత్త షాట్ మాత్రం ఎవరూ తీసేయమనరు. ఎఫెక్టు మనది కాదు, మెషిన్‌ది. కొత్త మెషిన్ రాగానే పాతదాని పని అయిపోయింది.

స్లెడ్జ్‌హామర్‌లో ఉన్నది స్టాప్ మోషన్. ఒక్కో ఫోటో తీయడం, వస్తువుని కాస్త జరపడం, మళ్లీ తీయడం. మట్టి బొమ్మతో అయితే బొమ్మకి ఓపిక అక్కర్లేదు. ఇక్కడ బొమ్మ స్థానంలో బతికున్న మనిషి ఉన్నాడు. దాన్ని పిక్సిలేషన్ అంటారు. ఆయన గాజు పలక కింద 16 గంటలు పడుకున్నాడు. పైన పళ్లు పేర్చి, జరిపి, మార్చి ఒక్కో ఫ్రేమ్ తీశారు. ఎంత బిగబట్టినా మనిషి ముఖం రెండు ఫ్రేముల్లో ఒక్కలా ఉండదు. పెదవి కదులుతుంది, రెప్ప బరువెక్కుతుంది. ఆ చిన్న వణుకే వీడియోకి ప్రాణం పోసింది. స్టీమ్‌లో ఆ వణుకు లేదు. అన్నీ నున్నగా, బరువు లేకుండా సాగుతాయి.

యానిమేషన్ పని చేసింది ఆర్డ్‌మన్ స్టూడియో, క్వే సోదరులు. తలల్లేని కోళ్లు డాన్స్ చేసే ముక్క నిక్ పార్క్‌ది. తర్వాత ఆస్కార్లు కొట్టిన మట్టి బొమ్మల సినిమాలు వాలెస్ అండ్ గ్రోమిట్ ఆయనవే. 1987లో ఈ వీడియోకి ఎమ్‌టీవీ అవార్డులు 9 వచ్చాయి.

అమ్మాయికి ఒక పని చెప్పండి. కంప్యూటర్‌లో యూట్యూబ్ పాజ్ చేసి కీబోర్డులో ఫుల్‌స్టాప్ నొక్కితే ఒక్కో ఫ్రేమ్ ముందుకి పోతుంది, కామా నొక్కితే వెనక్కి. ముఖం మీద నీలి ఆకాశం, మబ్బులు పెయింట్ చేసిన చోట అలా చూడమనండి. క్లాసులో చెప్పేదానికన్నా ఎక్కువ తెలుస్తుంది.

ఒంగోలు టీచర్:

కావలి తమ్ముడు చెప్పింది బాగుంది, కానీ చేత్తో చేస్తేనే నిలబడుతుందని నేను ఒప్పుకోను. 'డోంట్ గివ్ అప్' చూడండి. గాడ్లీ, క్రీమ్ తీసిన వీడియో. గాబ్రియెల్, గాయని కేట్ బుష్ ఒకరినొకరు కౌగిలించుకుని పాటంతా అలాగే నిలబడతారు, వెనక సూర్యగ్రహణం. అంతే. అందులో యానిమేషన్ పనేమీ లేదు. అమెరికా మాంద్యం రోజుల్లో డొరోతియా లాంగ్ తీసిన ఫోటోలు చూసి, బ్రిటన్‌లో ఉద్యోగాలు పోయినవాళ్ల గురించి రాసిన పాట అది. మా వీధిలో గ్రానైట్ పని ఆగిపోయి ఇంట్లో కూర్చున్న మగవాళ్లను చూశాను కాబట్టి, ఆమె అతన్ని వదలకపోవడం నాకు ఏ ఎఫెక్టూ ఇవ్వలేనిది. పాటకి ఏం కావాలో తెలుసుకుని అంతే చేశారు. స్టీమ్‌లో కొత్త పనిముట్టు దొరికిందని దానితో ఏమేం చేయొచ్చో అన్నీ చేశారు.

అమ్మాయికి 'డిగ్గింగ్ ఇన్ ద డర్ట్' తప్పకుండా చూపించండి. అదీ అస్ ఆల్బమ్‌దే, అదీ గ్రామీ తెచ్చుకున్నదే, అయినా పాతబడలేదు. నత్తలు, గడ్డి, మట్టి, అన్నిటి వెనక ఒక మనిషి కోపం. చిన్నపిల్లలు పక్కన ఉంటే వద్దు, భయపడతారు.

మూలాపేట వాసి:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. టీచర్ గారూ, 'డోంట్ గివ్ అప్' రాత్రి మా ఆవిడ కూడా కూర్చుని చూసింది, ఇంకోసారి పెట్టమంది. స్లెడ్జ్‌హామర్‌ని కామా, ఫుల్‌స్టాప్‌తో చూశాం. అమ్మాయి ఒక్క రైలు దగ్గరే గంట గడిపింది. ఇప్పుడు వాళ్ల తమ్ముణ్ణి నేల మీద పడుకోబెట్టి ఫోన్‌తో తీస్తానంటోంది. ఫోన్‌తో అవుతుందా?

కావలి స్టూడియో:

భేషుగ్గా అవుతుంది అన్నా. స్టాండు నేలకి టేప్ వేసి బిగించండి. కిటికీలు మూసేయండి, మబ్బు పట్టినప్పుడల్లా వెలుతురు మారి ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ మినుకుమంటుంది. ఫోన్‌లో ఫోకస్, ఎక్స్‌పోజర్ (అంటే వెలుతురు సెట్టింగ్) రెండూ లాక్ చేయాలి. సెకనుకి 12 ఫోటోలు చాలు. పది సెకన్లకి 120 అవుతాయి, కాబట్టి పిల్లాడికి ముందే అన్నం పెట్టండి.