సమస్య: పురుగు పట్టినదియె పుణ్యఫలము

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం ఇచ్చేశాను, మిగతా మూడూ మీవి. ఒకటే షరతు: పురుగు మేలు చేసేదై ఉండాలి.

కొత్తకలం:
మందు కొట్టకున్న మామిడి కాయలో
పురుగు చేరెనంటె పులకరింత
విషము లేని తిండి ఆరోగ్యమిచ్చును
పురుగు పట్టినదియె పుణ్యఫలము

మాస్టారు: మూడో పాదంలో యతి తప్పింది బాబూ. ‘వి’కి ‘ఆ’ కుదరదు. ‘విషము లేని తిండి వెయ్యేళ్ళ మేలిచ్చు’ అంటే సరిపోతుంది. యతి సర్దుకోవచ్చు గానీ విషయం సర్దుకోదు. కాయలో ఉన్నది పండుఈగ పిల్ల, దానివల్ల మనకి నష్టమే. మామిడి పూత మీద వాలి పుప్పొడి మోసే ఈగలు వేరే. వాటి మీద రాసి ఉంటే బావుండేది.

గట్టుమీద:
మేడికాయ లోనె మెత్తని పూలుండు
చిన్న కంత దూరి చేరు నీగ
రెక్కలూడి తాను రేణువులందించు
పురుగు పట్టినదియె పుణ్యఫలము

మాస్టారు: భేష్! దత్తాత్రేయుడి చెట్టు కాబట్టి ‘పుణ్యం’ కూడా ఊరికే పోలేదు. సమస్యలో పురుగు, పద్యంలో ఈగ అని ఎవరైనా అడ్డుపడతారేమో.

గట్టుమీద: కందిరీగల చుట్టమేనండి, నలుసంత ఉంటుంది. పండు చీలిస్తే బిలబిలమంటూ నల్లగా ఎగిరేవి ఆడవి. రెక్కల్లేని మగవి లోపలే పుట్టి, ఆడవాటికి బయటికి దారి తొలిచి చచ్చిపోతాయి. బయటపడ్డ ఆడదానికి ఒకటి రెండు రోజులే ఆయుష్షు. ఆలోగా లేత కాయలున్న ఇంకో మేడి దొరకాలి. మా కాలవగట్టు మీద ఒక్క చెట్టే మిగిలింది.

పామాయిల్ రైతు:
పొడిని మోసికొచ్చి పూలపై రాల్చెడి
ముక్కుపురుగు లేక మొండి గెలలు
మలయసీమ కొచ్చి మనుషుల పని చేసె
పురుగు పట్టినదియె పుణ్యఫలము

1981లో ఈ పురుగుని కామెరూన్ నుంచి మలేషియా తోటల్లోకి తెచ్చి వదిలారు. అంతకు ముందు కూలీలే గెలగెలకీ పుప్పొడి చల్లేవారు. అది గుడ్లు పెట్టేది వాడిన మగ గెలల్లో. మా పక్కతోటాయన అవి చూడ్డానికి బాలేవని నరికి తగలబెడతాడు!

మాస్టారు: ‘మోసికొచ్చి’ వ్యావహారికమే, అయినా చెవికి బాగుంది, ఉంచండి. మొదటి రెండు పాదాలకీ మూడోదానికీ మధ్య కర్త కాస్త తడబడింది. ‘మొండి గెలలు’ మాత్రం తోటలో తిరిగినవాడికే తడుతుంది.

కోకోతోట: నాకు పద్యం రాదండి, ఒక్క పాదమే కుదిరింది. కొబ్బరి మధ్యలో కోకో వేశాం. దాని పూలు కాండానికే పూస్తాయి, గోరంత. వాటిలో దూరేది దోమకన్నా చిన్న ఈగ. అది పెరిగేది కుళ్ళిన ఆకుల్లో, తొక్కల్లో. మా నాన్న తోట అద్దంలా ఉండాలని రోజూ ఊడిపించేవారు. అందుకని:
చెత్త నూడ్చ తోట చిక్కె కాయ

కొత్తకలం: ‘చిక్కె’ అంటే దొరికింది అని కూడా వస్తుందిగా?

నిర్వాహకుడు: వస్తుంది. చెత్త ఊడిస్తే కాయ దొరికిందా, తగ్గిపోయిందా? గణాలు ఐదూ సరిపోయాయి, యతీ ఉంది. వచ్చే వారం సమస్య ఇదే.