బాలిలో గుళ్లకి ఒక్క రోజే ఉంది, ఏవి చూడాలి, ఏవి వదలాలి?

ప్రశ్న (ఆరుగురం)

వచ్చే నెల ఆరుగురు స్నేహితులం బాలి వెళ్తున్నాం. బస ఉబుద్‌లో. గుళ్లకని ఒక రోజు పూర్తిగా పెట్టుకున్నాం. రాసుకున్న జాబితా ఇది: లెంపుయాంగ్, బెసాకి, తీర్త ఎంపుల్, తానా లాట్, ఉలువాటు. ఇవన్నీ ఒక్క రోజులో అవుతాయా? తీర్త ఎంపుల్‌లో స్నానం మాత్రం అందరం చేయాలనుకుంటున్నాం, దాని పద్ధతి కాస్త వివరంగా చెప్పండి. బండి ఒకటి సరిపోతుందా?

జవాబు 1 (మేరునీడ)

అవ్వవండీ. మ్యాపులో దీవి చిన్నగానే కనిపిస్తుంది గానీ రోడ్లు ఇరుకు, గంటకి 30 కిలోమీటర్లు సాగితే ఎక్కువ. లెంపుయాంగ్ తూర్పు కొసన, ఉలువాటు దక్షిణపు కొసన. ఉబుద్ నుంచి ఏదో ఒక్కదానికి వెళ్లొచ్చినా నాలుగైదు గంటలు బండిలోనే పోతాయి.

లెంపుయాంగ్‌ని మొదట కొట్టేయండి. ఫొటోల్లో ద్వారం కింద కనిపించే చెరువు నిజానికి లేదు. ఫోను కింద చిన్న అద్దం ముక్క పెట్టి తీస్తారు, ఆ ఫొటో కోసం టోకెన్ తీసుకుని గంటల తరబడి కూర్చోవాలి. బెసాకి గొప్ప క్షేత్రమే. అగుంగ్ పర్వతం వాలులో దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది, 1963లో అగ్నిపర్వతం పేలినప్పుడు లావా పక్కనుంచే పోయింది. కానీ దానికి విడిగా ఒక పూట కావాలి.

ఒక్క రోజే ఉంటే పకెరిసాన్ నది వెంట ఉన్న గుళ్లని పట్టుకోండి. ఉదయం ఏడుంబావుకి ఉబుద్‌లో బయల్దేరితే 15 కిలోమీటర్ల దూరంలోని తీర్త ఎంపుల్‌కి 8 కల్లా చేరతారు. పది దాటితే టూరు బళ్లు దిగుతాయి, కొలనులో ఒక్కో ధార దగ్గర పావుగంట నిలబడాల్సి వస్తుంది. అక్కడికి రెండు కిలోమీటర్లలోనే గునుంగ్ కావి. తీర్త ఎంపుల్ ఊట నీరే దాని పక్కగా పారుతుంది. 11వ శతాబ్దంలో కొండరాయిని తొలిచి చేసిన 10 చండీలు, అంటే గుడి ఆకారపు కట్టడాలు, ఒక్కోటి ఏడు మీటర్ల ఎత్తు. నదికి తూర్పున అయిదు, పడమట నాలుగు, కాస్త దూరంగా ఒకటి. దిగడానికి దాదాపు 300 మెట్లు, ఎక్కడానికీ అవే. అందుకే ఎండ ముదరకముందే ముగించాలి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు పైనుంచి చూద్దామనుకుంటే కుదరదు, కిందికి దిగితేగానీ ఏమీ కనిపించదు.

భోజనమయ్యాక మెంగ్వి ఊళ్లోని తమన్ అయున్, సాయంత్రానికి తానా లాట్. రాత్రి ఎనిమిదికి బసలో ఉంటారు.

జవాబు 2 (ఊటబావి)

స్నానం సంగతి నేను చెప్తాను. తీర్త ఎంపుల్ క్రీ.శ. 962 నాటిది, మనుకయ శాసనంలో ఆ సంవత్సరం ఉంది. మయదానవుడు నీళ్లలో విషం కలిపి దేవతల సైన్యాన్ని పడగొడితే, ఇంద్రుడు భూమిని చీల్చి ఈ ఊటని తెప్పించాడని స్థలపురాణం.

టిక్కెట్టు దగ్గర ఇచ్చే సారొంగ్, అంటే నడుముకి చుట్టుకునే బట్ట, గుడి చూడటానికి మాత్రమే. నీళ్లలోకి దిగడానికి ఆకుపచ్చది వేరే అద్దెకిస్తారు, లాకరు కూడా అక్కడే. లోపల వేసుకోవడానికి తడిసినా పరవాలేని బట్టలు, తర్వాత మార్చుకోవడానికి ఒక జత పూర్తిగా, తడి బట్టలకి ప్లాస్టిక్ సంచి. ఇవి మర్చిపోతే మిగతా రోజంతా తడి బట్టల్లోనే.

ముందు మెట్ల దగ్గర చనంగ్ సారి, అంటే కొబ్బరాకు బుట్టలో పూల నైవేద్యం పెట్టి దణ్ణం పెట్టుకోవాలి. ఎడమ చివరి ధార నుంచి మొదలుపెట్టి కుడివైపు సాగాలి. ప్రతి ధార దగ్గరా చేతులు జోడించి, మూడుసార్లు ముఖం కడుక్కుని, తల ధార కింద పెట్టాలి. మధ్యలో రెండు ధారలు అంత్యక్రియల తీర్థానికి, బతికున్నవాళ్లు వాటిని దాటి పోవాలి. అవేవో అక్కడి గైడుని అడిగి దిగండి. ఎక్కువమంది తప్పు చేసేది అక్కడే. సబ్బు, షాంపూ నిషిద్ధం. రాళ్ల మీద పాచి ఉంటుంది, అడుగు జరిపి జరిపి వేయండి.

స్నానం కాగానే బండి ఎక్కేయకండి. లోపలి ప్రాంగణంలో ఊట కొలను ఉంది. నీరు అద్దంలా ఉంటుంది. అడుగున బూడిద రంగు ఇసుక అక్కడక్కడ పొంగే పాలలా ఉబ్బి, విడిపోయి, మళ్లీ ఉబ్బుతుంది. ధారలన్నిటికీ మూలం అదే. స్నానం చేసినవాళ్లలో సగం మంది దాన్ని చూడకుండానే వెళ్లిపోతారు.

పౌర్ణమి నాడు మాత్రం వెళ్లకండి. స్థానికులు కుటుంబాలతో వస్తారు, ఆ రోజు వాళ్లది.

జవాబు 3 (అలలగట్టు)

మేరునీడ గారి దారి బాగుంది. తమన్ అయున్ బదులు గోవా గజ అనేవాళ్లుంటారు, ఉబుద్‌కి దగ్గర కదా అని. గుహ లోపల ఒక పక్క వినాయకుడు, ఇంకో పక్క మూడు లింగాలు, బయట 1954లో తవ్వితే బయటపడ్డ స్నానవాటిక. బాగుంటుంది గానీ మధ్యాహ్నం జనం ఎక్కువ. నా ఓటు తమన్ అయున్‌కే. 17వ శతాబ్దపు రాజుల గుడి, చుట్టూ కందకం. లోపలికి పంపరు. గోడ చుట్టూ నడుస్తూ మేరులు, అంటే అంతస్తుల కప్పులున్న గోపురాలు, చూడొచ్చు, ముప్పావుగంట చాలు.

తానా లాట్ గుడి సముద్రపు ఒడ్డున రాతి మీద ఉంది, వెళ్లే ముందు ఆ రోజు ఆటుపోట్ల వేళలు చూసుకోండి. పోటు ఉంటే రాతి దగ్గరికి నడవలేరు. ఆటు ఉంటే రాతి మొదట్లో మంచినీటి ఊట దగ్గర పూజారి తీర్థం చల్లి నుదుట బియ్యం అద్దుతారు. పైకి గుళ్లోకి మాత్రం పర్యాటకులను ఎక్కనివ్వరు. సూర్యాస్తమయం ఏడాది పొడుగునా దాదాపు ఆరు, ఆరుముప్పావు మధ్య. అయిదింటికల్లా ఉండండి.

ఉలువాటు తప్పదంటే తానా లాట్ మానుకోవాలి, రెండూ సముద్రపు గుళ్లే. సాయంత్రం ఆరింటికి కెచక్ ఉంటుంది. వాద్యాలు లేకుండా మగవాళ్ల గొంతులతోనే రామాయణం, హనుమంతుడి లంకాదహనం కూడా. కోతులు కళ్లజోడు, ఫోను లాక్కుంటాయి. గుంజితే కరుస్తాయి. గుడి మనుషులని పిలిస్తే పండు ఇచ్చి విడిపిస్తారు.

బండి: ఇన్నోవా లాంటిదాంట్లో డ్రైవరు కాక అయిదుగురు హాయిగా, ఆరుగురు ఇరుక్కుని. రోజంతా తిరగాలంటే పెద్ద వ్యాను మాట్లాడండి. పెట్రోలు, పార్కింగు కలిసాయా, గంట దాటితే ఎంత అన్నది ముందే తేల్చుకోండి. యాప్ టాక్సీలో వెళ్తే తిరుగు బండి దొరకడం కష్టం.

ఆరుగురం

చాలా థాంక్స్ అండీ. లోపలి ప్రాంగణంలో మేం కూర్చుని పూజ చేసుకోవచ్చా? మాలో ఒకమ్మాయికి ఆ రోజుకి నెలసరి రావచ్చు.

జవాబు 4 (పద్మాసనం)

నెలసరిలో ఉన్నవాళ్లు ఏ గుళ్లోకీ వెళ్లకూడదన్నది అక్కడి నియమం, టిక్కెట్టు దగ్గర బోర్డు ఉంటుంది. ఇంట్లో మైల ఉన్నా అంతే. వీలుంటే రోజు మార్చుకోండి. లేకపోతే ఆ అమ్మాయికి తానా లాట్ గట్టు మీదినుంచి చూడటానికి అడ్డు లేదు.

లోపలి ప్రాంగణం పూజ చేసేవాళ్లకే. మీరు నిజంగా పూజకే వెళ్తే పెమంకుని, అంటే పూజారిని, అనుమతి అడగండి. సారొంగ్ ఒక్కటే చాలదు, నడుముకి పట్టీ ఉండాలి, మగవాళ్లకి తలపాగా కూడా. విగ్రహం కోసం వెతక్కండి, పద్మాసనం అనే రాతి పీఠం ఖాళీగానే ఉంటుంది. అయిదుసార్లు నమస్కారం: మొదటిదీ చివరిదీ ఖాళీ చేతులతో, మధ్యలో మూడూ పూలతో. తర్వాత తీర్థం, తడి బియ్యం. పూజారి కన్నా ఎత్తులో నిలబడకండి, ప్రార్థన చేసేవాళ్ల ముందు నుంచి నడవకండి. దారిలో చనంగ్ ఉంటే తొక్కకుండా పక్కకి తిరిగి వెళ్లండి.

ఇంకొకటి, తేదీ. న్యేపి రోజున ఎయిర్‌పోర్టుతో సహా దీవి మొత్తం మూసేస్తారు, హోటలు గేటు కూడా దాటనివ్వరు. అది వాళ్ల శక సంవత్సరాది, కొన్నేళ్లు మన ఉగాది రోజునే పడుతుంది: 2023లో మార్చి 22, 2026లో మార్చి 19. మీరు మార్చిలో వెళ్తుంటే టిక్కెట్లకన్నా ముందు అది చూసుకోండి.