పాత పెట్రోలు కారుకు మినరల్ ఆయిలా, సింథటిక్ ఆయిలా?

ప్రశ్న (విజయనగరం): నమస్కారం. నాది 2013 నాటి పెట్రోలు కారు, టర్బో లేదు. రోజూ ఇంటి నుంచి గంటస్తంభం దగ్గరి బడికి వెళ్లి రావడమే ఎక్కువ. సెలవుల్లో శృంగవరపుకోట మీదుగా అరకు ఘాట్ ఎక్కుతాను. "మన ఎండలకు చిక్కటి 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిలే మంచిది మాస్టారూ" అని మా మెకానిక్ అంటున్నారు. సర్వీసు సెంటరు వారు మాత్రం ముడి చమురును శుద్ధి చేసి తీసే ఆ మినరల్ వద్దు, రసాయనికంగా తయారుచేసే ఫుల్ సింథటిక్ పోయించుకోమంటున్నారు. పాత ఇంజిన్‌కు సింథటిక్ పోస్తే సీళ్ల (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు బిగింపుల) దగ్గర కారుతుందని కూడా విన్నాను. ఏది మంచిది?

జవాబు (శ్రీకాకుళం): మాస్టారూ, ముందు కారుతో పాటు ఇచ్చిన మాన్యువల్ తీసి ఏ గ్రేడు రాశారో చూడండి. అందులో 5డబ్ల్యూ-30 అని ఉంటే ఎండల పేరు చెప్పి 20డబ్ల్యూ-50 పోయించకండి. బయట ఎండ ఎంత మండుతున్నా థర్మోస్టాట్ కూలెంట్ వేడిని సుమారు 90 డిగ్రీల దగ్గరే అదుపులో ఉంచుతుంది. గ్రేడులో చివరి అంకె తెలిపేది 100 డిగ్రీల దగ్గర ఆయిల్ చిక్కదనాన్ని. అవసరానికి మించి చిక్కగా ఉంటే పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ దాకా ఆలస్యంగా చేరుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది. వేడి ప్రాంతాలకు వేరే గ్రేడు వాడవచ్చని మాన్యువలే చెబితే సరే.

ఘాట్ కంటే బడికి వెళ్లే ఆ చిన్న ప్రయాణమే నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. ఆయిల్ పూర్తిగా వేడెక్కకముందే బండి ఆపేస్తే చెమ్మ, కాలని పెట్రోలు ఆవిరైపోకుండా అందులోనే మిగిలిపోతాయి. ఇది సింథటిక్‌లోనూ జరుగుతుంది. అందుకే కిలోమీటర్లు నిండకపోయినా ఆయిల్ మార్పుకు మాన్యువల్‌లో చెప్పిన నెలల గడువు దాటనివ్వకండి. మాన్యువల్‌లో కఠిన పరిస్థితులకు విడిగా ఒక సర్వీసు గడువుల పట్టిక ఉంటుంది. చిన్న ప్రయాణాలు, దుమ్ము సాధారణంగా అందులోకే వస్తాయి. మీరు దాన్నే పాటించాలి.

సింథటిక్ వేడికి త్వరగా పాడవదు, తక్కువ ఆవిరవుతుంది. టర్బో బండ్లకూ, హైవే మీద ఎక్కువ తిరిగేవారికీ ఆ డబ్బు దండగ కాదు. మీకు మాత్రం కిలోమీటర్ల కంటే గడువే ముందు వస్తుంది కాబట్టి దాని మన్నికలో సగం కూడా వాడుకోలేరు. మాన్యువల్ ఒప్పుకుంటే అదే గ్రేడులో మంచి మినరల్ గానీ, రెండూ కలిపిన సెమీ సింథటిక్ గానీ వేళకు మార్పించండి. డబ్బా మీద ఏపీఐ ఎస్‌ఎన్ లేదా ఎస్‌పీ అనే నాణ్యత గుర్తు ఉందో లేదో చూడండి.

ఇక సీళ్ల సంగతి. బాగున్న సీలును సింథటిక్ పాడు చేయదు. గట్టిపడిన సీలు పగుళ్లను అడ్డుకుంటున్న పాత మడ్డి కరిగితే లీకు బయటపడవచ్చు, అంతే. ఆయిల్ మూత విప్పి లోపల నల్లటి మడ్డి పేరుకుందేమో ముందే చూపించండి.

ప్రశ్న (టెక్కలి): నాది 2021 డీజిల్ బండి. నాకూ మినరల్ సరిపోతుందా అండీ?

జవాబు (శ్రీకాకుళం): వద్దండీ. మీది బీఎస్-6 (మన దేశ వాహన కాలుష్య ప్రమాణం) బండి. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు ఉంటే తక్కువ బూడిద మిగిల్చే ఆయిలే కావాలి. లేకపోతే ఆ ఫిల్టరు క్రమంగా పూడుకుపోతుంది, మార్చడం చాలా ఖరీదైన పని. మాన్యువల్‌లో ఏసీఈఏ (యూరప్ ఆయిల్ ప్రమాణం) సీ2 అనో సీ3 అనో రాసి ఉంటే సరిగ్గా అదే తెచ్చుకోండి.

ప్రశ్న (విజయనగరం): చాలా స్పష్టంగా చెప్పారు. మాన్యువల్ చూశాను, 10డబ్ల్యూ-30 అని ఉంది. ఇప్పటిదాకా పోసింది ఏమిటో తెలియదు. పాతది కలిస్తే ఇబ్బందా?

జవాబు (శ్రీకాకుళం): కొద్దిగా కలిసినా ఫరవాలేదు, ఫ్లషింగ్ (వేరే ద్రవంతో ఇంజిన్ లోపల కడగడం) కూడా అక్కర్లేదు. ఇంజిన్ వెచ్చగా ఉన్నప్పుడు పాతదంతా దింపించి, ఫిల్టరు తప్పకుండా మార్పించండి. డబ్బా సీలు మీ కళ్ల ముందే విప్పమనండి. పోశాక కాసేపు ఇంజిన్ నడిపి, ఆపి, చదునైన చోట పది నిమిషాలాగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) చూడండి. ఆయిల్ దాని మీది రెండు గీతల మధ్య ఉండాలి, పై గీత దాటకూడదు. దింపిన ఆయిల్‌ను కాలువలో పోయనివ్వకండి. వాడిన ఆయిల్ సేకరించే వారికి ఇచ్చే గ్యారేజీలోనే పని చేయించుకోండి.