బండి కూడా ఎద్దులను అంతే బలంతో వెనక్కి లాగుతుంటే, అది ముందుకు ఎలా కదులుతోంది?

ప్రశ్న (పరకాల సమీపంలోని ఊరి నుంచి ఒక రైతు)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. మొన్న చేనులో ఏరిన పత్తిని బండికెత్తి ఇంటికి తోలుకొస్తుంటే, పక్కన నడుస్తూ నన్ను ఒక ప్రశ్న అడిగింది. ప్రతి చర్యకూ దానికి సమానంగా, వ్యతిరేక దిశలో ప్రతిచర్య ఉంటుందని న్యూటన్ మూడవ నియమం చెబుతోంది కదా, ఎద్దులు బండిని ఎంత బలంతో ముందుకు లాగుతాయో బండి కూడా ఎద్దులను అంతే బలంతో వెనక్కి లాగుతుంటే రెండూ కలిసి సున్నా కావాలి కదా, మరి బండి ఎట్లా నడుస్తోంది నాన్నా అన్నది.

ఎద్దులు కొంచెం ఎక్కువ బలంతో లాగుతాయి కాబట్టి నడుస్తోందని చెప్పాను. "అట్లయితే నియమం తప్పయినట్టే కదా" అని ఆమె వెంటనే అన్నది. నేను ఇంటర్ వరకు చదివాను, నియమం నాకు కంఠతా వచ్చు, కానీ ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. తెలిసినవారు ఆమెకు మనసులో నాటుకునేలా వివరించగలరని ఆశిస్తున్నాను.

సమాధానం 1 (కరీంనగర్, విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు)

మీ అమ్మాయి అడిగిన ప్రశ్న చాలా గొప్పది. 1687లో వెలువడిన తన గ్రంథం ప్రిన్సిపియాలో మూడవ నియమాన్ని చెప్పిన వెంటనే న్యూటన్ స్వయంగా ఎత్తుకున్న ఉదాహరణలలో తాడు కట్టిన రాయిని లాగే గుర్రం ఒకటి; రాయి కూడా గుర్రాన్ని అంతే బలంతో వెనక్కి లాగుతుందని ఆయన అక్కడ రాశాడు. గుర్రం స్థానంలో మీ ఎద్దులు, రాయి స్థానంలో మీ పత్తి బండి ఉన్నాయి, అంతే తేడా.

ముందుగా మీరు చెప్పిన జవాబును సరిదిద్దాలి. ఎద్దులు బండిని లాగే బలం, బండి ఎద్దులను లాగే బలం ఎప్పుడూ సమానమే. బండి ఆగి ఉన్నా, కదలడం మొదలుపెట్టినా, ఒకే వేగంతో సాగుతున్నా ఆ సమానత్వం చెడదు. పొరపాటు మరోచోట ఉంది. రెండు బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవాలంటే అవి రెండూ ఒకే వస్తువు మీద పనిచేయాలి. ఇక్కడ ఒకటి బండి మీద, మరొకటి ఎద్దుల మీద పనిచేస్తున్నాయి. మీ జేబులో వంద రూపాయలుండి, మీ పొరుగువారికి వంద రూపాయల అప్పు ఉంటే, మీ ఇద్దరి లెక్కా కలిపి ఎవరి దగ్గరా ఏమీ లేదని ఎవరూ అనరు కదా. బలాల లెక్క కూడా ఏ వస్తువుకు ఆ వస్తువుగానే చూడాలి.

కాబట్టి బండిని ఒక్కదాన్నే తీసుకోండి. పత్తితో కలిపి బండి ద్రవ్యరాశి 600 కిలోగ్రాములు అనుకుందాం. కాడి దగ్గర ఎద్దులు దాన్ని 600 న్యూటన్ల బలంతో ముందుకు లాగుతున్నాయి. చక్రాలకు నేల కలిగించే నిరోధం, ఇరుసు దగ్గరి రాపిడి కలిసి 300 న్యూటన్లతో వెనక్కి లాగుతున్నాయి. బండి మీద ఫలిత బలం 300 న్యూటన్లు, త్వరణం సెకనుకు సెకనుకు 0.5 మీటరు. ఎద్దుల మీద బండి కలిగించే బలం ఈ లెక్కలో ఎక్కడా రాలేదు, ఎందుకంటే అది బండి మీద పనిచేసే బలం కాదు.

ఇప్పుడు ఎద్దుల వైపు చూడండి. జత ద్రవ్యరాశి 700 కిలోగ్రాములు అనుకుంటే, అవి కూడా బండితో పాటు అదే త్వరణంతో సాగాలి కనుక వాటి మీద ఫలిత బలం 350 న్యూటన్లు ఉండాలి. బండి వాటిని 600 న్యూటన్లతో వెనక్కి లాగుతోంది. అంటే ఏదో ఒకటి వాటిని 950 న్యూటన్లతో ముందుకు నెట్టాలి, ఆ నెట్టేది నేల. ఎద్దులు గిట్టలతో నేలను వెనక్కి తన్నుతాయి, నేల వాటిని ముందుకు నెడుతుంది. ఈ జంటలో కూడా బలాలు రెండూ సమానమే. వాన పడ్డ రేగడి నేలలో ఎంత బలమైన ఎద్దులైనా జారిపోయి బండి కదలకపోవడం మీరు చూసే ఉంటారు. వాటి కండబలం తగ్గలేదు, నేల ఇవ్వగలిగిన ఘర్షణ బలం తగ్గింది.

జంట బలాలను గుర్తుపట్టడానికి నేను పిల్లలకు ఒక పద్ధతి చెప్పేవాడిని. ఒక వాక్యం రాసి అందులో కర్తను, కర్మను తారుమారు చేయండి. ఎద్దు బండిని లాగుతోంది, బండి ఎద్దును లాగుతోంది. గిట్ట నేలను నెడుతోంది, నేల గిట్టను నెడుతోంది. క్రియ మారకూడదు, మూడో వస్తువు రాకూడదు. అలా కుదిరితేనే అది చర్య, ప్రతిచర్యల జంట. నిజానికి ఈ రెండు పేర్లే కొంత తప్పుదారి పట్టిస్తాయని నా అభిప్రాయం, ఎందుకంటే ముందు ఒకటి జరిగి, దానికి బదులుగా తర్వాత మరొకటి జరుగుతుందని అవి తోపిస్తాయి. రెండూ ఒకేసారి పుట్టి, ఒకేసారి పోతాయి. దేన్ని చర్య అనాలో మన ఇష్టం.

సమాధానం 2 (జగిత్యాల, వ్యాయామ ఉపాధ్యాయుడు)

సార్ చెప్పిన నేల సంగతిని నేను ప్రతి ఏడాదీ తాడు లాగే పోటీలో చూస్తాను. తాడు బరువును పక్కనపెడితే రెండు జట్లూ ఒకదాన్నొకటి ఒకే బలంతో లాగుతాయి. నేలను ఎవరు గట్టిగా తన్నిపట్టగలరో వారే గెలుస్తారు. ఒకసారి మైదానంలో ఒక వైపు నీళ్లు చల్లిన తడి ఆరకముందే పోటీ పెట్టాము. లావుగా, బలంగా ఉన్న పిల్లలు ఆ వైపు నిలబడి, మడమలు ఆనక జారుకుంటూ వచ్చి ఓడిపోయారు. పక్కలు మార్చి పెడితే వాళ్లే సునాయాసంగా గెలిచారు. మీ అమ్మాయి బడిలో రెండు స్ప్రింగ్ త్రాసులు ఉంటే వాటి కొక్కేలు ఒకదానికొకటి తగిలించి, ఇద్దరు పిల్లలను చెరొకవైపు లాగమనండి. ఒకరు కదలకుండా పట్టుకొని ఒకరే లాగినా రెండు ముళ్లూ ఒకే అంకె చూపుతాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బండి విషయం ఆమెకు తెలిసింది. అయితే సార్, బల్ల మీద పెట్టిన పుస్తకం బరువు చర్య అని, బల్ల దాన్ని పైకి నెట్టే బలం ప్రతిచర్య అని ఆమె దగ్గరున్న గైడులో రాసి ఉంది. మీ పద్ధతితో వాక్యం తిప్పి చూస్తే అది కుదరడం లేదంటోంది. ఎవరిది సరైనది?

సమాధానం 3 (కరీంనగర్, విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు)

మీ అమ్మాయిదే సరైనది, గైడులో ఉన్నది తప్పు. బరువు అంటే భూమి పుస్తకాన్ని ఆకర్షించే బలం. దాన్ని తిప్పితే పుస్తకం భూమిని ఆకర్షిస్తోంది అని రావాలి. అందులో బల్ల ప్రసక్తే లేదు. బల్ల పుస్తకాన్ని పైకి నెట్టే అభిలంబ బలానికి జంట, పుస్తకం బల్లను కిందికి నెట్టే బలం. బరువు, అభిలంబ బలం రెండూ పుస్తకం మీదే పనిచేస్తున్నాయి కనుక అవి జంట కానేకావు. పుస్తకం కదలకుండా ఉంది కాబట్టి అవి ఇక్కడ సమానమయ్యాయి, అది న్యూటన్ మొదటి నియమం (ఫలిత బలం సున్నా అయితే వస్తువు ఉన్న స్థితి మారదన్నది) సంగతి.

10 న్యూటన్ల బరువున్న పుస్తకాన్ని అరచేతితో 5 న్యూటన్ల బలంతో అదమమనండి. అభిలంబ బలం 15 న్యూటన్లు అవుతుంది, బరువు మాత్రం 10 దగ్గరే ఉంటుంది. జంట బలాలైతే ఇలా వేరుపడటం సాధ్యం కాదు. బల్లను ఒక పక్కకు వంచినా అభిలంబ బలం బరువు కంటే తగ్గుతుంది. ఇక పుస్తకం భూమిని లాగే 10 న్యూటన్ల బలం ఎందుకు కనిపించదని ఆమె అడిగితే, భూమి ద్రవ్యరాశి సుమారు 6 పక్కన 24 సున్నాలు పెట్టినన్ని కిలోగ్రాములని చెప్పండి. బలం ఒకటే అయినా, అంత ద్రవ్యరాశికి కలిగే త్వరణం ఎంత స్వల్పమో ఆమె భాగించి చూసుకోగలదు.

ప్రశ్న అడిగినవారు

నిన్న సాయంత్రం బండి దిగి, తడి నేలలో పడ్డ ఎద్దుల అడుగులను ఆమె వంగి చూసింది. ప్రతి గిట్ట గుర్తు వెనుక అంచున మట్టి చిన్న గట్టులా పైకి లేచి ఉంది. "ఇది ఎద్దు నేలను నెట్టింది నాన్నా, నేల ఎద్దును నెట్టింది బండి నడకలో ఉంది" అని చెప్పి, నోటు పుస్తకంలో బండికి ఒక బొమ్మ, ఎద్దులకు ఒక బొమ్మ విడివిడిగా గీసి బాణాలు పెట్టుకున్నది.